సొమ్ సైనికుల జబ్బు నాకొచ్చింది

విరేచనాలు తగ్గాయని ఊపిరి పీల్చుకున్న కొద్దిరోజులకే పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. వీధి చివర క్లినిక్కులో బీ12 తక్కువని ఒక ఇంజెక్షన్ పొడిచి పంపేశారు. మర్నాటికి మెట్లెక్కలేకపోయాను. ఆ రాత్రి చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు జారిపడింది. బావ నన్ను కార్లో వేసుకుని గుంటూరు తీసుకెళ్లాడు.

న్యూరాలజిస్టు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రొటీన్ బాగా ఎక్కువ, కణాలు మామూలే. గులియన్ బారీ సిండ్రోమ్. మన రోగనిరోధక శక్తే మన నరాల మీద పడుతుందట. తిమ్మిరి రెండు కాళ్లలోనూ పైకి పాకుతూ బలం తగ్గుతుంటే ఒక్కరోజు కూడా ఆగకండి. మందు మొదటి రెండు వారాల్లో పడితేనే బాగా పనిచేస్తుంది.

ఐసీయూలో ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఆ మందు ఎక్కిస్తుంటే సిస్టర్ మాటిమాటికీ వచ్చి ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేది. ఎంతదాకా వెళ్తే ఊపిరి కండరాలు అంత బాగున్నట్టు. మధ్యలో ఆగిపోయినప్పుడల్లా ఆవిడ మొహంలోకి చూసేవాణ్ని. వెంటిలేటర్ దాకా పోలేదు. కానీ పాదాల మీద దుప్పటి తగిలితే చాలు, నిప్పుల మీద నడిచినట్టుండేది. అక్క దుప్పటి అంచును మంచం కడ్డీకి కట్టి కాళ్లకు తగలకుండా ఎత్తిపెట్టింది.

వార్డులోకి మార్చాక ఈ జబ్బు పుట్టుపూర్వోత్తరాలు ఫోన్లో చదివాను. 1916లో, మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్సులోని సొమ్ నది దగ్గర పెద్ద పోరు నడుస్తుండగా ఫ్రెంచి ఆరో సైన్యపు నరాల వైద్యకేంద్రంలో ఇద్దరు సైనికుల్ని చూసి గులియన్, బారీ, స్ట్రోల్ అనే డాక్టర్లు దీని గురించి రాశారు. స్ట్రోల్ పేరు ఎందుకో జబ్బు పేరులో లేకుండా పోయింది, పాపం. ప్రొటీన్ పెరిగి కణాలు పెరగకపోవడమే వాళ్లు పట్టుకున్న గుర్తు. నా రిపోర్టులో ఉన్నదీ అదే. ఆ ఇద్దరిలో ఒకడు సామాన్ల సంచి వీపుకెత్తుకోబోయి పడిపోయాడు, మళ్లీ లేవలేకపోయాడు.

ఆ సైన్యం అక్కడ ఏం చేస్తోందో చూడకుండా ఉండలేకపోయాను. నది ఒడ్డున క్యుర్లూ అని ఒక పల్లె. జర్మన్లు దాన్ని కోటగా మార్చుకున్నారు. జూన్ 24 నుంచి వారంపాటు ఫిరంగులు పేల్చాక జులై 1 ఉదయం 7.30కి ఫ్రెంచి కాల్బలం కందకాల్లోంచి లేచింది. ముందు వరస కందకాలు తొందరగానే దక్కాయి. ఊరి దగ్గరికి చేరేసరికి మెషిన్‌గన్లు అందుకున్నాయి. ఫ్రెంచివాళ్లు మొండిగా ముందుకు పోలేదు. వెనక్కి తగ్గి, సాయంత్రం ఊరి మీద మళ్లీ ఫిరంగులు పేల్పించి, ఆ తర్వాతే కదిలారు. ఊరు చేతికొచ్చింది. అదేరోజు ఉత్తరాన బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిసి 57 వేల పైచిలుకు.

అంతటి మారణహోమం పక్కన, ఒంటిమీద గీత కూడా లేని ఇద్దరి మోకాళ్లు సుత్తితో కొట్టి చూసే ఓపిక ఆ డాక్టర్లకు ఎక్కడిదో! తూటా తగిలినవాడికి రుజువు ఒంటిమీదే ఉంటుంది. నన్ను పరామర్శించడానికొచ్చినవాళ్లు మాత్రం "చూడ్డానికి బాగానే ఉన్నావు కదరా, కాస్త లేచి నడువు" అనేవాళ్లు. ఒళ్లు మండేది. పౌరుషానికి పోయి లేవబోతే ఫిజియోథెరపీ అమ్మాయి కోప్పడింది. అలిసిపోయాక ఇంకో రౌండు వద్దు, పడుకుని మళ్లీ సాయంత్రం చేద్దాం అంది.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. కాలివేళ్లకు ఇంకా పట్టు రాక హవాయి చెప్పులు జారిపోతున్నాయి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కొనుక్కున్నాను. మొన్న బావ అడిగాడు, "ఇంతకీ ఆ ఊరు నిలబెట్టుకున్నారా?" అని. 1918 మార్చిలో జర్మన్లు మళ్లీ లాక్కున్నారు, ఆగస్టు చివర్లో ఆస్ట్రేలియా వాళ్లు వచ్చి విడిపించారని చెప్పాను.

"దానికా ఇంత!" అన్నాడు.