హాలిడే క్లబ్ నుంచి డబ్బు రాబట్టిన వైనం: నా అనుభవం

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి వకీలు అక్కర్లేదంటారు. నిజమే. కానీ వకీలు చేసే పని మాత్రం ఎవరో ఒకరు చేయాలి. మా అక్కా బావగార్ల విషయంలో అది నా మీద పడింది.

మీలో చాలామందికి తెలిసిన కథే. షాపింగ్ మాల్‌లో నింపిన కూపన్‌కు బహుమతి తగిలిందని ఫోను వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వస్తేనే ఇస్తారట. విజయవాడలో ఒక హోటల్ హాలు, చెవులు చిల్లులు పడే పాటలు, బల్లకొక టై కట్టుకున్న కుర్రాడు. మధ్యమధ్య మైకులో ఎవరో దంపతులకు అభినందనలు, చప్పట్లు. రెండు లక్షల హాలిడే క్లబ్ సభ్యత్వం "ఈ పూటకు మాత్రమే" రూ.1,20,000కు దిగింది. ఏటా ఆరు రాత్రులు, ఏడు పగళ్లు, దేశంలో ఎక్కడైనా బస. ఆన్‌లైన్ అమ్మకాల్లో వాడే 13 మాయోపాయాలను కేంద్రం 2023 నవంబరులో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరుపెట్టి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం అందులో ఉన్నాయి. కంప్యూటర్లు చేసే ఆ పనులే ఆ హాలులో మనుషులు చేశారు. "మేడమ్ కోసం ఈమాత్రం ఖర్చు పెట్టలేరా సార్?" అని బావగారిని అక్క ముందే అడిగారట.

తర్వాత ఊటీ అడిగితే గదులు లేవు, మున్నార్ అడిగితే లేవు. ఒప్పంద పత్రం తీసి చదివితే 'ఎక్కడైనా' అన్న మాటే అందులో లేదు. 'ఖాళీని బట్టి' అని ఉంది. కట్టిన డబ్బు వాపసు ఉండదనీ, వివాదం వస్తే ఢిల్లీలో మధ్యవర్తిత్వమే దారి అనీ ఉంది.

మొదట 1915కు ఫోను చేశాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు. ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు తెప్పిస్తారు తప్ప ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. 'ఒప్పందం ప్రకారం వాపసు కుదరదు' అని సంస్థ రాసింది. బావగారు నీరుగారిపోయారు గానీ, అడిగాం, కాదన్నారు అనడానికి నాకు ఒక కాగితం దొరికింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు వెళ్లాల్సిన ఫిర్యాదును 2019 వినియోగదారుల రక్షణ చట్టం 17వ సెక్షన్ కింద కలెక్టరుకు కూడా ఇవ్వవచ్చు కాబట్టి అదీ ఇచ్చాం. అయితే ఆ ప్రాధికార సంస్థ వినియోగదారులందరి తరఫున చర్య తీసుకునే వ్యవస్థ. తప్పుడు ప్రకటనకు రూ.10 లక్షల దాకా జరిమానా వేయగలదు. ఒక ఇంటి డబ్బు, ఆ ఇంటికి కలిగిన నష్టం లెక్కగట్టే చోటు జిల్లా కమిషనే.

అసలు చిక్కు నోటిమాటలతో. హాలులో చెప్పిందేదీ కాగితం మీద లేదు. 2019 చట్టం 2(47) సెక్షన్ చదివాక ధైర్యం వచ్చింది. నోటితో చెప్పిన అబద్ధం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని అక్కడ స్పష్టంగా ఉంది. ఇక దాన్ని రుజువు చేయాలి. బావగారి చేత సంస్థకు ఈమెయిల్ రాయించాను: 'ఫలానా రోజు మీ ప్రతినిధి దేశంలో ఎక్కడైనా బస ఇస్తామన్నారు, ఈ తేదీలకు గది కేటాయించండి.' గది లేదన్నారే తప్ప, మేమలా అనలేదని జవాబులో రాయలేదు. తేదీలు మార్చి మళ్లీ అడిగించాను. అవే తేదీలకు మేం అడిగిన హోటల్ సొంత సైటులో గదులు అమ్మకానికి ఉంటే స్క్రీన్‌షాట్లు తీశాం. కేసు మొత్తంలో పనికొచ్చిన సాక్ష్యం ఇదే. వాటికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద, ఎలా తీశామో చెప్పే ధ్రువపత్రం జతచేయాలి. అది లేకపోతే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ఫిర్యాదులో ఒక మాట జాగ్రత్తగా వాడాలి. ఒప్పందమే అన్యాయమైనదని మొదలుపెడితే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. అందుకే సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే రెండింటి మీదే నిలబడ్డాను. ఢిల్లీ షరతు గురించి బెంగపడనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివాసం ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చని 34వ సెక్షన్ చెబుతుంది. మధ్యవర్తిత్వ షరతు వినియోగదారుల కేసుకు అడ్డురాదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో నిలబెట్టింది. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపే కాబట్టి రుసుము లేదు. వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేశాం. నోటీసు పంపిన కవరు తిరిగివచ్చింది, విజయవాడ శాఖ ఎప్పుడో ఖాళీ అయింది. కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో డైరెక్టర్ల పేర్లు వెతికి వాళ్లనూ ప్రతివాదులుగా చేర్చాను. అప్పుడు గానీ సంస్థ తరఫున ఒక వకీలు ప్రత్యక్షం కాలేదు.

జవాబు దాఖలుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ గడువు దాటితే పొడిగించే వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. ఆ సంగతి తెలిసిన వకీలు చివరి రోజున వేశాడు. 'స్వచ్ఛందంగా సంతకం చేశారు' అన్నదే సారాంశం. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా మాకు ఏడాది దాటింది. వాయిదాల గురించి చెప్పడానికేమీ లేదు, టిఫిన్ డబ్బా తీసుకెళ్లడం మంచిది.

తీర్పు మాకే వచ్చింది: అసలు, దాని మీద 9 శాతం వడ్డీ, పరిహారం, ఖర్చులు. సంస్థ చప్పుడు చేయలేదు. గడువు దాటాక 72వ సెక్షన్ కింద మరో పిటిషన్ వేశాం. ఉత్తర్వు పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. డైరెక్టర్ల పేర్లు చేర్చిన ఫలితం ఇక్కడ కనిపించింది. వారెంటు దాకా వచ్చేసరికి వకీలు డీడీ పట్టుకుని వచ్చాడు. వడ్డీ లెక్క కాస్త తగ్గించి తెచ్చాడు. తీసుకోమన్నారు బావగారు, నేను ఒప్పుకోలేదు. మిగతాది తర్వాతి వాయిదాకు తెచ్చాడు.

సభ్యత్వ నిర్వహణ రుసుము బాకీ ఉందంటూ బావగారికి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. ఆయన కేసు నంబరు చెప్పడం మొదలుపెట్టగానే పెట్టేస్తున్నారు.