ఎక్స్‌ట్రా ట్యాంకు: 17 సెంటీమీటర్ల దగ్గర మొరాయించిన డీజిల్

జీపులో పెట్టిన ఎక్స్‌ట్రా ట్యాంకు నుంచి డీజిల్ పూర్తిగా ఎందుకు దిగట్లేదో దొరికింది! మూడు ఆదివారాలు, ఒక కొత్త వాల్వు, ఇంట్లో బోలెడు చీవాట్లు. అన్నిటికీ మూలం 20 మిల్లీలీటర్ల డీజిల్.

జీపు వెనక సీటు తీసేసిన చోట స్టెయిన్‌లెస్ 304 ట్యాంకు బిగించాం. 60×20×25 సెంటీమీటర్లు, 30 లీటర్లు. ఆర్గాన్ వెల్డింగులో ఎక్కడా చెమ్మ కూడా లేదు. జింకు పూత ఉన్న జీఐ షీటుతో చవగ్గా తేలిపోతుందని చాలామంది అంటారు గానీ, డీజిల్‌కి జింకు పడదు, మడ్డి కడుతుంది. ఆ మడ్డి ఇంజెక్టర్ల దాకా పోయిందంటే మిగిలిన డబ్బుకి రెట్టింపు వదులుతుంది. పంపు పెట్టలేదు. అడుగున బాల్ వాల్వు, అక్కణ్ణుంచి 6 ఎంఎం పైపు నేరుగా డ్రైవర్ సీటు కింది మెయిన్ ట్యాంకులోకి. ఆ పైపు మెయిన్ ట్యాంకులో పడే చోటికన్నా కొత్త ట్యాంకు అడుగు 9 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. ఈ 9 గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

షెడ్డులో 29 లీటర్లు పోసి వాల్వు తిప్పితే 50 నిమిషాల్లో మొత్తం దిగింది. సంబరపడ్డాం.

మొదటి ఆదివారం ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా భైరవకోన. దారి వదిలేసి రాళ్లలో ఓ గంటసేపు బాగా ఎక్కించి దించాం. కోన దగ్గర వాల్వు తిప్పి గంటన్నర ఆగినా మెయిన్ ట్యాంకు ముల్లు కొంచెమే లేచింది. కొలత పుల్ల ఇంట్లో మర్చిపోయా. ఉదయగిరిలో మా ఆవిడకని కొన్న చెక్క గరిట కాడ ముంచి చూశా. తడి గుర్తు 17 సెంటీమీటర్ల దగ్గర. అంటే 20 లీటర్లు అక్కడే కూర్చున్నాయి, దిగింది తొమ్మిది లోపే.

ముందు అనుమానించింది బ్రీదర్‌నే, అంటే డీజిల్ దిగేకొద్దీ ట్యాంకులోకి గాలి రానిచ్చే పైపుని. ట్యాంకు పైన వెనక మూల నుంచి 10 ఎంఎం పైపు ఫ్లోరు కిందికి దిగి, ఛాసిస్ పక్కగా సాగి, మళ్లీ రోల్ కేజ్ (జీపు మీది గొట్టాల చట్రం) మీదికి ఎక్కుతుంది. వాగులో దిగినా నీళ్లు పోకూడదని నేను చూపించిన అతితెలివి అది. ఇంటికొచ్చి పైపు ఊడదీసి నోటితో గట్టిగా ఊదా. కాస్త డీజిల్ చింది గోడ మీద పడింది, గాలి సుబ్బరంగా పోయింది. మళ్లీ బిగించి చూస్తే ట్యాంకు 50 నిమిషాల్లో ఖాళీ. ఇంకేముంది, బ్రీదర్ నిర్దోషి అని తేల్చేశా.

"ఆ వాల్వు నీళ్లదన్నా, డీజిల్‌కి లోపల రబ్బరు ఉబ్బుతుంది" అన్నాడు మెకానిక్ భాయ్. మార్చాం. జాలీ కడిగాం. జాయింట్లు కారకుండా లాక్‌టైట్ 577 పూశాం (డీజిల్ జాయింటుకి ఎం-సీల్ మెత్తేవాళ్లతో నాకు పడదు). ఎందుకైనా మంచిదని బ్రీదర్ ఇంకోసారి ఊదా. ఇంట్లో భేషుగ్గా దిగింది. రెండో ఆదివారం సోమశిల వైపు వెళ్తే 16.5 దగ్గర ఆగింది. 6 ఎంఎం పైపులో ఎక్కడో గాలి ఇరుక్కుని ఎయిర్ లాక్ అయిందనుకుని, ఎత్తుపల్లాలు లేకుండా క్లిప్పులేసి సరిచేశా. మూడో ఆదివారం మళ్లీ 17.

క్యాప్ తీసేముందు వాల్వు కట్టేయడం నా అలవాటు. తీసినప్పుడల్లా 'ఫుస్' మనేది. ఎండకి గ్యాస్ పట్టిందనుకునేవాణ్ణి. అది బయటికి వస్తోందో లోపలికి పోతోందో మూడు వారాలూ చూడలేదు! ఆ రోజు దుమ్ము పడకుండా క్యాప్ మీద గుడ్డ పట్టుకుని తిప్పా. గుడ్డ లోపలికి పీల్చుకుపోయింది.

ఈసారి ఊదలేదు. పైపు రెండు చివరలూ వేళ్లతో మూసి తీసి, గిన్నెలో వంచి, సిరంజితో లాగా. 20 మిల్లీలీటర్లు. 10 ఎంఎం పైపులో అది దాదాపు 26 సెంటీమీటర్ల పొడుగు. 17కి 9 కలిపితే 26! కాగితం మీద ఆ కూడిక చూసి రాత్రి పదకొండింటికి భాయ్‌కి ఫోన్ చేశా.

ఎక్కుడులో డీజిల్ వెనక మూలకి ఎగదన్ని బ్రీదర్‌లో పడి, ఫ్లోరు కింది వంపులో నిలిచిపోతోంది. గాలి లోపలికి రావాలంటే ఆ నిలువుని లాక్కుని రావాలి. దిగే డీజిల్ ఎత్తు 26 కన్నా ఎక్కువున్నంతసేపు బుడగ బుడగగా వచ్చింది, సమానం కాగానే ఆగింది. నేనేమో తేపకోసారి ఊది పరీక్ష చేస్తున్నాననుకుంటూ రోగం కుదిర్చేస్తున్నా. ఇంట్లో టెస్టు ఎందుకు ఫెయిలవుతుంది మరి!

ఇప్పుడు బ్రీదర్‌ని ట్యాంకు మీంచి నిట్టనిలువుగా రోల్ కేజ్ పైకి లాగి, చివర కిందికి వంచి చిన్న ఫిల్టర్ పెట్టా. ఎక్కడా పల్లం లేదు. నిన్న పెంచలకోన వెళ్లొచ్చాం, అడుగున 1 సెంటీమీటరు తప్ప అంతా దిగింది.

ఇక డీజిల్ మట్టం చూపే ఫ్లోట్ గేజ్ పెట్టాలి. లోపల ఉన్న అడ్డరేకు వల్ల పొడుగు చెయ్యి ఫ్లోట్ పట్టదు, నిలువు కడ్డీ రకమే చూస్తున్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీలో మార్పు రాయించే సంగతి తేలాకే కంభం, గిద్దలూరు వైపు. గేజ్ వచ్చేదాకా కొలతకి గరిటే గతి. వంటింటి గడప దాటనివ్వనని మా ఆవిడ చెప్పేసింది కాబట్టి అది టూల్ బాక్సులోనే ఉంది, కాడ మీద 5, 10, 15, 20 లీటర్ల గాట్లతో.