ఆరో నాటి అలక, ఏండ్ల మనాది

పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మ అయిదు రోజులు ఆగకుండా నడుస్తుంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ రోజుకో పేరు, రోజుకో నైవేద్యం. ఆరో నాడు అన్నీ బందు. తాంబాలం దించరు, పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. అర్రెం అంటారు, అలిగిన బతుకమ్మ అంటారు. ఎందుకలిగిందో ఊరికో కథ. పద్ధతి మాత్రం అంతటా ఒకటే: అమ్మవారి అలకకు ఒక రోజు వదిలిపెట్టారు. ఏడో నాడు బియ్యప్పిండిని వేపకాయల్లా వత్తి, నూనెలో వేయించి మళ్లీ మొదలుపెడతారు. చూడటానికి వేపకాయ, నోట్లో వేసుకుంటే చేదుండదు.

ఇంట్లో ఒకరికి ఆ ఆరో రోజు ముగియకపోతే?

మనవైపు దానికి మనాది అనే మాట ఉంది. డాక్టర్లు డిస్తీమియా అంటారు. పెద్దవాళ్లలో కనీసం 2 ఏండ్లు, పిల్లల్లో ఏడాది, ఎక్కువ రోజులు మనసు కుంగి ఉండాలి. ఆ కాలంలో వరుసగా 2 నెలలకు మించి తెరిపి ఉండదు. దానికి తోడు ఆకలి, నిద్ర, ఒంట్లో సత్తువ, తన మీద తనకున్న విలువ, ఏకాగ్రత, రేపటి మీద ఆశ, వీటిలో రెండైనా దెబ్బతిని ఉంటాయి. ఇందులో చిక్కు ఏమిటంటే మనిషి మంచం పట్టడు. వంట చేస్తాడు, డ్యూటీకి పోతాడు. అందుకే చుట్టాలు "ఆయన గుణమే అంత" అని తేల్చేస్తారు. కొన్నాళ్లకు ఆయనా అదే నమ్ముతాడు, ఆసుపత్రి ఊసెత్తడు.

గుణానికీ దీనికీ సంబంధం లేదని కాదు. చిన్న మాట లోతుగా తగలడం, తగిలింది తొందరగా మానకపోవడం, దీన్ని న్యూరోటిసిజం అంటారు. కుంగుబాటుతో అన్నిటికంటే గట్టిగా ముడిపడిన స్వభావం ఇదే, కొంత వంశంలోనూ వస్తుంది. రెండోది రంది. సూసన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వవేత్త దీని మీద చాలా పని చేశారు. రంది పడే మనిషి ఆలోచిస్తున్నాననే అనుకుంటాడు. నిజానికి "నాకే ఎందుకిట్లయింది" అన్న ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంటాడు. "ఇప్పుడేం చెయ్యాలె" దగ్గరికి రాడు, దుఃఖం పొడుగవుతుంది. ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఇంకో తేడా చూపించారు: కొందరు తమ మనుషులు దూరమైతే విరుగుతారు, కొందరు పని చెడితే విరుగుతారు. మొదటివాళ్లకు బిడ్డ ఫోన్ చేయకపోవడం చాలు. రెండోవాళ్లకు ఒక పంట పోవడం చాలు.

మనం గుర్తించని గుణం మరొకటుంది. 1961లో టెల్లెన్‌బాఖ్ అనే జర్మన్ వైద్యుడు రాసింది దాని గురించే: అన్నీ పద్ధతిగా ఉండాలి, ఎవరికీ లోటు రావద్దు, తప్పంతా తనదే. బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు, పెరుగు, పులిహోర, నిమ్మ, కొబ్బరి, నువ్వులు, అయిదు సద్దులూ ఒక్కతే కలిపి, ఉప్పు కాస్త తక్కువైందని రాత్రంతా కుమిలే ఇల్లాలు ఉంటుంది. ఆమెను అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పు కిందే రోగం దాగుతుంది.

గీత ఆరో అధ్యాయం అయిదో శ్లోకం ఈమె కోసమే అన్నట్టుంటుంది:

ఉద్ధరేదాత్మనాత్మానం నాత్మానమవసాదయేత్।
ఆత్మైవ హ్యాత్మనో బంధురాత్మైవ రిపురాత్మనః॥

తనను తానే పైకెత్తుకోవాలి, కుంగదీసుకోవద్దు. తనకు బంధువూ తానే, శత్రువూ తానే. అవసాదం అంటే కుంగిపోవడమే. తనను తాను తిట్టుకునే మనసును "రిపు" అన్న మాట కంటే సూటిగా చెప్పడం కష్టం. కానీ ఈ శ్లోకాన్నే రాయిలా విసిరేవాళ్లున్నారు: "నీ మనసు నీ చేతిలోనే ఉంది, లేచి తిరుగు." ఇప్పటికే తనకు తాను శత్రువైన మనిషికి అది ఇంకో నింద. బావిలో పడ్డవాడు తాడు పట్టుకోవడం కూడా తనను తాను ఎత్తుకోవడమే, తాడు వేసేది మాత్రం పైనున్నవాళ్లు.

తాడంటే ఇవి. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు, ఎందుకంటే అవి తేడా వచ్చినా మనిషి ఇట్లే ఉంటాడు. తర్వాత మానసిక వైద్యుడు. మందు పని మొదలుపెట్టడానికే 2 నుంచి 4 వారాలు పడుతుంది. వారానికే "నయం కాలేదు" అని ఆపడం, తేరుకోగానే సొంతంగా మానేయడం, చెడేది ఎక్కువగా ఇక్కడే. మందుతో పాటు కౌన్సెలింగ్ ఉంటే దీర్ఘకాలపు కుంగుబాటులో మేలు ఎక్కువ. మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చావు మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంకొకటి, కుంగి ఉన్నప్పుడు స్వభావాన్ని అంచనా కట్టొద్దు. రోగం తగ్గితే "గుణం" అనుకున్నదాంట్లో కొంత దానంతటదే పోతుంది.

ఇంట్లో చేయగలిగింది ఏడో నాటి పద్ధతే. ఆటకు రమ్మని గుంజొద్దు, పాట పాడమనొద్దు. గునుగు పూల కాడలు ఒక్క కొలతకు కోసి, దారంతో కట్టి, కొసలు రంగులో ముంచాలి కదా, ఆ పనిలో పావుగంట చాలు. "వదినె, జర ఈ నాలుగు కట్టలకు దారం చుట్టవా, నాకు చేతులు ఖాళీ లేవు." చుట్టింది వంకరైనా విప్పి మళ్లీ కట్టనీయొద్దు, తాంబాలంలో తంగేడు మీద పెట్టేయాలి, ఎట్లాగూ పొద్దుగూకే సరికి చెరువులో కలిపేదే. రేపు మళ్లీ అదే వేళకు పిలవాలి.