మెనోపాజ్ ఎడమ చెంపకే వస్తుందా?

ఉగాది రోజు పొద్దున పచ్చడి నోట్లో పెట్టుకున్నాను. చింతపండు పులుపు నాలుకకి తగిలిందో లేదో, ఎడమ చెవి ముందు వెచ్చగా అయి చెంప మీంచి ఏదో కారింది. తుడుచుకుంటే చెమట. చిక్కడపల్లిలో మాది పై అంతస్తు, పక్కన పొయ్యి వెలుగుతోంది, ఇందులో వింతేముంది అనుకున్నాను. కానీ కుడి చెంప పొడిగా ఉంది.

అంతకు ఏడు నెలల ముందు ఆ చెవి కిందే ఆపరేషన్ అయింది. ఉసిరికాయంత గడ్డ, సూది పరీక్ష, స్కాన్, ఆ తర్వాత పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో పై భాగం తీసేశారు. బయాప్సీలో ప్లియోమార్ఫిక్ అడినోమా అని వచ్చింది, క్యాన్సర్ కాదు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే పోతుంది, అది తెగితే మూతి వంకరపోతుంది. మా సర్జన్ దాన్ని చెక్కుచెదరకుండా కాపాడారు. ఈ రోజు నేను సరిగ్గా నవ్వగలుగుతున్నానంటే ఆయన చలవే. ఇకపై ఆయన్ని తిట్టేదంతా ఈ మాట గుర్తుపెట్టుకుని చదవండి.

ఉగాది తర్వాత ప్రతి భోజనానికీ అదే వరస. పప్పన్నానికి కొంచెం, చారుకి ఎక్కువ, నిమ్మకాయ పచ్చడికైతే చెప్పక్కర్లేదు. స్టాఫ్ రూమ్‌లో టిఫిన్ డబ్బా తెరవడం మానేశాను. అత్తమ్మ కారం తగ్గించమంది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే అక్కడి డాక్టర్ తలెత్తకుండా, "నలభై నాలుగు కదా, ఈ వయసులో ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేనమ్మా, మెనోపాజ్" అని కాల్షియం మాత్రలు రాసింది. మెనోపాజ్ ఎడమ చెంపకే వస్తుందా అని అడగాలని మెట్లు దిగాక తట్టింది.

ఒక రాత్రి మా ఆయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు, పాప పడుకుంది. ఒంటిగంటకి వంటింట్లో లైటేసుకుని, చేతి అద్దం ముందు నిమ్మచెక్క పట్టుకుని కూర్చున్నాను. చప్పరించాను. నిమిషంలో కుట్ల గీత పక్కన చర్మం ఎర్రబడింది, ఆవగింజల్లాంటి బొట్లు లేచి, కలిసి, దవడ దాకా జారాయి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. చెమటా, లాలాజలమా, కుట్టు లోపల విడిపోయి ఇంకేదైనా కారుతోందా? గడ్డ మళ్లీ వచ్చిందని, ఈసారి అది మంచిది కాదని తీర్మానించేసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఆ రాత్రి బీరువా తీసి పాప పెళ్లికి దాచిన గాజులు లెక్కపెట్టాను. అప్పుడే చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నాను.

జూన్‌లో ఒక పెద్దావిడ, ఈఎన్‌టీ డాక్టర్, నేను చెప్పేది సగం విని "ఏ వైపు?" అంది. మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. చెంపకి అయోడిన్ పూసింది, ఆరాక మొక్కజొన్న పిండి అద్దింది, నోట్లో నిమ్మచెక్క పెట్టింది. చూస్తుండగానే చెమట పట్టిన చోటల్లా నల్లని నీలం చుక్కలు తేలాయి. మా ఆయన ఫోటో తీశారు, దిష్టిచుక్కలు ఎక్కువైనట్టున్నాను.

దీన్ని ఫ్రే సిండ్రోమ్ అంటారు. లాలాజలం ఊరించే నరాల పోగులు ఆపరేషన్‌లో తెగి, మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి చెంప మీది చెమట గ్రంథులకి అతుక్కుంటాయట. నోరూరాల్సినప్పుడు చెంప ఊరుతుంది, అంతే. పోలండ్‌లో లూసియా ఫ్రే అనే నరాల డాక్టరమ్మ, తూటా గాయమైన ఒక సైనికుడిలో దీన్ని గమనించి 1923లో వివరంగా రాసింది. యూదురాలైన ఆమెని నాజీలు చంపేశారని చదివి ఆ రోజంతా మనసు బాగోలేదు.

అంటే వందేళ్లుగా తెలిసిన సంగతి! సర్జన్ దగ్గరికెళ్లి అడిగితే "ప్రమాదమేం లేదమ్మా, అందుకే చెప్పలేదు" అన్నారు, నవ్వుతూనే. ప్రమాదం లేదని నాకెవరు చెప్పాలి, నిమ్మకాయా? మీ ఇంట్లో ఎవరికైనా ఈ గ్రంథి ఆపరేషన్ ఉంటే, తర్వాత ఇలా అవుతుందా అని ముందే అడగండి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి కూడా నరాలు దెబ్బతిని తినేటప్పుడు ముఖం తడవొచ్చు, సాధారణంగా రెండు వైపులా, అది వేరే సంగతి. ఛాతీ నొప్పితో చెమట పడితే మాత్రం నా కథ చదువుతూ కూర్చోకండి.

ముందు చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ ఉన్న రోలాన్ రాత్రిళ్లు రాశాను, చర్మం మండింది. తర్వాత పెన్నుతో చెంప మీద గళ్లు గీసి, చెమట గ్రంథులకి నరాల కబురు అందకుండా గడికో సూది చొప్పున బొటాక్స్ ఇచ్చారు. "ముడతలకి వేయించుకున్నావా?" అని ఆడపడుచు అడిగింది. అవునన్నాను. కొన్ని నెలలకి దీని పని తగ్గుతుందట, అప్పుడు మళ్లీ వేయించుకోవాలి.

ఆగస్టులో చిలుకూరు వెళ్లాం. కార్డు మీద అంకెలు కొట్టుకుంటూ నూట ఎనిమిది ప్రదక్షిణలు పూర్తి చేసేసరికి కుడి చెంప చెమటతో ముద్దయింది, ఎడమది పొడిగా ఉంది. బయటికొచ్చి ఉప్పూకారం చల్లిన జామకాయ కొనుక్కుని, అందరి ముందే కొరికాను.