280 రూపాయల జూమ్ టార్చి: విప్పి, కొలిచి, సరిచేసిన వివరాలు

బజార్లో బండి మీద పెట్టి అమ్మే జూమ్ టార్చి ఇది. అల్యూమినియం బాడీ, ముందుకీ వెనక్కీ జరిపితే వెలుగు ఫోకస్ అయ్యే తల, లోపల 18650 సైజు లిథియం సెల్లు, పక్కన రబ్బరు మూత కింద టైప్-సి చార్జింగ్. ధర 280. అట్టపెట్టె మీద ‘6800 ఎంఏహెచ్’ (సెల్లులో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అనీ, ‘1 కిలోమీటరు’ అనీ రాసి ఉంది. మా బాబాయ్ రాత్రిళ్లు మొక్కజొన్న చేనికి అడవి పందుల కాపలాకి వెళ్తుంటారు. ఆయనకి ఇలాంటి లైటే కావాలి: తేలిగ్గా ఉండాలి, పోయినా పెద్దగా నష్టం ఉండకూడదు, మధ్యలో ఆరిపోకూడదు. మొదటి రెండూ దీనికున్నాయి. మూడోది ఎంతవరకు తేవచ్చో చూడటమే ఈ పని.

ముందుగా సెల్లు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఈ సైజులో మార్కెట్లో దొరికే మంచి సెల్లు కూడా 3500 ఎంఏహెచ్‌కి అటూఇటూ ఉంటుంది. 6800 అని రాస్తే అది అబద్ధమని కొలవకుండానే చెప్పొచ్చు. అయినా తూకం వేశాను. అసలు సెల్లు 45 గ్రాములకి పైనే తూగాలి, ఇది 31 గ్రాములే ఉంది. కెపాసిటీ చూపించే చార్జర్‌లో పెట్టి పూర్తిగా దింపితే 1180 ఎంఏహెచ్ వచ్చింది. ఇంట్లో మీటరు లేనివాళ్లకి తూకం చాలు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి, 40 కంటే తక్కువ చూపిస్తే దాన్ని నమ్ముకోవద్దు.

ఇక వెలుతురు. ఎంత దూరం పడుతుంది అనేదానికి ఒక లెక్క ఉంది. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, వెలుగు 0.25 లక్స్‌కి తగ్గే చోటు దాకా ఉన్న దూరమే టార్చి దూరం. లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకి కొలత, 0.25 లక్స్ అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. డాబా మీద 5 మీటర్ల దూరంలో ఫోన్ పెట్టి లక్స్ యాప్‌తో చూస్తే, పూర్తిగా ఫోకస్ చేసినప్పుడు 130 లక్స్ చూపించింది. దీన్ని దూరం వర్గంతో, అంటే 25తో హెచ్చిస్తే 3250 క్యాండెలా, అంటే టార్చి ఆ వైపు విసిరే వెలుగు తీవ్రత. దాన్ని 0.25తో భాగించి వర్గమూలం తీస్తే 114 మీటర్లు. పెట్టె మీద రాసిన కిలోమీటరు రావాలంటే రెండున్నర లక్షల క్యాండెలా కావాలి. ఫోన్ సెన్సర్ కచ్చితమైన పరికరమేమీ కాదు. కానీ తేడా ఇంత ఉన్నప్పుడు ఆ పొరపాటు లెక్కలోకి రాదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది జూమ్. చీకటి గదిలో టార్చిని సీలింగు వైపు పెట్టి, టేబుల్ మీద ఫోన్ ఉంచి మొత్తం వెలుగు ఎంతో చూశాను. తల లోపలికి నొక్కి వెడల్పుగా పెడితే 57 లక్స్, బయటికి లాగి సన్నగా పెడితే 24. లెన్సు ఎల్ఈడీకి దూరం జరిగేకొద్దీ పక్కలకి పోయే వెలుగంతా తల గోడలకి తగిలి లోపలే వృథా అవుతుంది. సగానికి పైగా వెలుగు ఆ గొట్టాన్ని వేడి చేయడానికే పోతోందన్నమాట. సన్నగా పెట్టినప్పుడు గోడ మీద పడే ఎల్ఈడీ చదరపు బొమ్మ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, గట్టు మీద నడిచేవాడికి కాలి ముందు మూడు నాలుగు మీటర్ల వెడల్పున వెలుతురు కావాలి. పాము గట్టు పక్క గడ్డిలో ఉంటుంది, వంద మీటర్ల అవతల కాదు.

తర్వాత వేడి. పది నిమిషాలు వెలిగించినా టార్చి చల్లగా ఉందంటే మంచిదే కదా అనిపిస్తుంది. నిజానికి అది చెడ్డ గుర్తు. ఎల్ఈడీలో పుట్టిన వేడి బాడీలోకి వచ్చి గాలికి పోవాలి. ఇందులో సీలింగు మీద 57 లక్స్ ఉన్న వెలుగు ఐదు నిమిషాలకే 44కి పడిపోయింది, బాడీ మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. తల విప్పి చూస్తే కారణం కనబడింది. ఎల్ఈడీ అతికించిన గుండ్రటి పలక అంచుల దగ్గర మాత్రమే ఆనుకుని ఉంది, కింద అంతా ఖాళీ. వేడిని బాడీకి దాటించే థర్మల్ పేస్ట్ ఒక్క చుక్క లేదు. రాగి రేకు గుండ్రంగా కత్తిరించి, ఆ ఖాళీ నిండేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో పేస్ట్ రాసి బిగించాను. వైర్లు వచ్చే చోట రేకుకి గాటు పెట్టి, ఆ వైర్ల మీద స్లీవ్ తొడగాలి, లేకపోతే రేకుకి తగిలి షార్ట్ అవుతుంది. ఇప్పుడు ఐదు నిమిషాలకి 52 ఉంటోంది, మెడ దగ్గర పట్టుకుంటే వేడి తెలుస్తోంది. అలా తెలియాలి కూడా.

వేడి సంగతి అయ్యాకే స్ప్రింగు జోలికి వెళ్లాను. వరస ముఖ్యం, ఎందుకంటే స్ప్రింగు సరిచేస్తే కరెంటు పెరుగుతుంది, వేడి కూడా పెరుగుతుంది. వెనక మూతలో ఉన్నది సన్నటి ఇనప స్ప్రింగు. 0.9 ఆంపియర్లు పోతున్నప్పుడు దాని రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెడితే 0.14 వోల్టులు పోతున్నాయి. స్ప్రింగు లోపల నుంచి మెత్తటి రాగి వైరు ముక్క పైనుంచి కిందికి సోల్డర్ చేస్తే అది 0.02కి తగ్గింది, కరెంటు 1 ఆంపియర్ దాకా పెరిగింది. స్ప్రింగు నొక్కుకునేటప్పుడు వైరు కూడా వంగేలా కాస్త వదులుగా ఉంచాలి. ఎట్టి పరిస్థితిలోనూ సెల్లుకి నేరుగా సోల్డర్ పెట్టకండి. ఆ వేడికి లిథియం సెల్లు లోపల పాడై మంటలు రావచ్చు.

బాబాయ్ ఒక రాత్రి వాడి చూసి చెప్పిన మాట ఒక్కటే: “లైటు బానే ఉందిరా, ఆపి మళ్లీ వేస్తే మాత్రం టపటపా కొట్టుకుంటోంది.” ఈ రకం టార్చిల్లో ఆపి వెంటనే వేస్తే ఫుల్, సగం, బ్లింకింగ్ వరసగా మారుతుంటాయి. చేలో అలికిడైన క్షణంలో బ్లింకింగ్ మోడ్ రావడమంటే ప్రమాదమే. ఆ సగం మోడ్ కూడా నిజంగా తక్కువ కరెంటుతో పనిచేయదు, ఫుల్ కరెంటునే గబగబా ఆపుతూ వేస్తూ ఉంటుంది. ఫోన్ కెమెరాలో చూస్తే చారలు చారలుగా కనిపిస్తుంది. బోర్డు మీద మోడ్లు మార్చే చిన్న ఐసీ (చిప్) ఉంది. దాన్ని తీసేసి, అది నడిపే ట్రాన్సిస్టర్ గేటుని (దాన్ని ఆన్ చేసే కాలుని) సెల్లు పాజిటివ్‌కి కలిపాను. ఇప్పుడు వేస్తే వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది, అంతే. కరెంటుని అదుపు చేసేందుకు పక్కపక్కనే రెండు రెసిస్టర్లున్నాయి, ఒక్కోటి 1 ఓమ్; వాటిలో ఒకటి తీసేస్తే కరెంటు 0.7 ఆంపియర్ల దగ్గరికి దిగింది. ఆ మేరకు వెలుగు తగ్గినా కంటికి తేడా దాదాపు తెలియదు. బ్యాటరీకీ ఎల్ఈడీకీ మాత్రం బాగా తెలుస్తుంది.

చార్జింగ్ దగ్గర రెండు లోపాలున్నాయి. ఒకటి, రెండు వైపులా టైప్-సి ఉండే కేబుల్‌తో ఫోన్ చార్జర్‌కి పెడితే ఇది చార్జ్ కాదు. పాత పద్ధతి వెడల్పు పిన్ను ఉన్న కేబుల్‌తో అవుతుంది. టైప్-సి చార్జర్ అవతల ఏదో ఉందని గుర్తుపడితేనే కరెంటు వదులుతుంది. ఆ గుర్తు కోసం సాకెట్లో సీసీ1, సీసీ2 అనే పిన్నుల నుంచి గ్రౌండ్‌కి చెరో 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. ఇందులో పిన్నులున్నాయి, రెసిస్టర్లు లేవు. రెండూ కలిపి రూపాయి కూడా ఖరీదు చేయవు. అవి లేక, టార్చి చెడిపోయిందని పారేసేవాళ్లు ఎంతమంది ఉంటారో అని బాధేసింది. భూతద్దం కింద పెట్టి రెండూ సోల్డర్ చేశాక ఏ కేబుల్‌కైనా చార్జ్ అవుతోంది.

రెండోది చార్జింగ్ వేగం. లోపల చార్జింగ్ నడిపేది టీపీ4056 రకం ఐసీ, 4.19 వోల్టుల దగ్గర ఆగిపోతోంది, అది బావుంది. కానీ కరెంటు నిర్ణయించే రెసిస్టర్ మీద 122 అని ఉంది, అంటే 1.2 కిలో ఓమ్, అంటే 1 ఆంపియర్. 1180 ఎంఏహెచ్ నాసిరకం సెల్లుకి అది మరీ ఎక్కువ. 2 కిలో ఓమ్ పెడితే 580 మిల్లీఆంపియర్లకి దిగింది. రాత్రి పెడితే తెల్లారేసరికి ఎలాగూ నిండుతుంది.

సెల్లు బాగా దిగిపోయినప్పుడు ఆపే ఏర్పాటు కూడా ఈ బోర్డులో లేదు. వెలిగించి మర్చిపోతే 2.5 వోల్టుల కిందికి పోయి సెల్లు పాడవుతుంది. అందుకని ప్రొటెక్షన్ బోర్డు ఉన్న 2600 ఎంఏహెచ్ సెల్లు కొన్నాను. ఇవి మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడవెక్కువ. ఇందులో స్ప్రింగు ఎత్తు ఉండబట్టి సరిపోయింది, మీ దాంట్లో కొలిచి చూసుకోండి. దీనితో నాలుగు గంటలు దాటి వాడుకునేంత వెలుగు ఉంటోంది. సెల్లుతో కలిపి పైఖర్చు దాదాపు టార్చి ధరంత అయింది. పాత సెల్లుని చెత్తలో వేయలేదు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలని టెర్మినల్స్‌కి టేపు చుట్టి పక్కన పెట్టాను.

నీళ్ల సంగతి ఇంకా తేలలేదు. తల జరిపినప్పుడల్లా లోపలికి గాలి పీలుస్తుంది, తడి మీద జరిపితే నీళ్లు కూడా వెళ్తాయి. రబ్బరు రింగులకి సిలికాన్ గ్రీజు రాశాను. పెట్రోలియం జెల్లీ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. అంతకన్నా మేలైన పని, తలని వెడల్పు స్థానంలో అతికించేసి జూమ్ లేకుండా చేయడం. బాబాయ్ జూమ్ వాడటం లేదన్నారు, కాబట్టి వానలు మొదలయ్యేలోపు అది చేసి, బకెట్లో ముంచి చూడాలి.