చేతకానివాడికీ బ్యాటింగ్

హ్యూస్టన్ శివారులో మా పిల్లలు ఆడే బేస్‌బాల్ టీమ్‌కు నేను కోచ్‌ని. జీతం లేని పని. అక్కడ చిన్నపిల్లల టీములను చాలావరకు తల్లిదండ్రులే నడుపుతారు. పేరిచ్చినవాళ్ల మీద పాత కేసులేమైనా ఉన్నాయేమోనని ఏటా తనిఖీ చేశాకే పిల్లల్ని అప్పజెప్తారు. ప్రాక్టీసు ఉన్న రోజు ఆఫీసు నుంచి నేరుగా గ్రౌండుకే పోతాను. పిల్లల ఆట ఉంది, తొందరగా వెళ్తానంటే మా మేనేజరు మారుమాట్లాడడు. మిగిలిన పని రాత్రి పిల్లలు పడుకున్నాక చేసుకుంటాను. ఏళ్ల తరబడి చేయి ఊపడమే తప్ప మాట కలవని ఇరుగుపొరుగుతో చనువు ఏర్పడింది కూడా ఆ గ్రౌండు కంచె దగ్గరే. ఊరు వదిలి వచ్చినవాడికి అది చిన్న విషయం కాదు.

ఈసారి వేసవికి నల్లగొండ వచ్చినప్పుడు ఒక సంచీ నిండా గ్లవ్స్, మెత్తటి బంతులు తెచ్చాను. రోహిణి కార్తె. పొద్దెక్కితే ఎన్జీ కాలేజీ గ్రౌండులో నిలబడలేం. అందుకని చీకటితోనే అక్క పిల్లలు, గల్లీలో వాళ్ల దోస్తులు, నా పిల్లలు అందరం బయల్దేరేవాళ్లం. మడిచిన సిమెంటు సంచులే బేస్‌లు, అంటే కొట్టాక పరుగెత్తి చేరాల్సిన గుర్తులు. పెయింటు డబ్బాలో ఇసుక నింపి, అందులో పీవీసీ పైపు నిలబెట్టి, పైన రబ్బరు గొట్టం ముక్క తొడిగితే బంతి పెట్టి కొట్టడానికి 'టీ' అనే స్టాండు తయారైంది. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు కొలిచాం. క్రికెట్‌లో క్రీజు నుంచి క్రీజుకు 58 అడుగులు. పరుగు విషయంలో మన పిల్లలకు కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు.

కష్టమంతా చేతుల దగ్గరే. క్రికెట్‌లో రెండు అరచేతులూ చేర్చి బంతి పడతాం. ఇక్కడ కుడిచేత్తో విసిరేవాళ్లు ఎడమచేతికి గ్లవ్ తొడిగి, దాంతోనే పట్టాలి. "మామా, విసరని చేత్తో ఎట్ల పడ్తం?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. అందుకే ముందు గ్లవ్ తీయించి, టెన్నిస్ బంతితో మొదలుపెట్టాను. ఛాతీకి పైన వచ్చే బంతికి వేళ్లు పైకి, నడుముకు కింద వచ్చేదానికి వేళ్లు కిందికి. ఇది చేతికి అలవాటైతేనే గ్లవ్ పనికొస్తుంది.

పక్కింటి పాపకు తొమ్మిదేళ్లు. బంతి వస్తుంటే మొహం పక్కకు తిప్పేది. భయపడకు అని చెబితే భయం పోదు. రెండడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, ప్లాస్టిక్ బంతిని కింది నుంచి మెల్లగా అందించేవాణ్ని. దూరం పెంచడం ఆమె ఇష్టానికే వదిలేశాను. కొన్నాళ్లకు తనే "ఇంకొంచెం ఎనుకకు జరుగు మామా" అంది. ఆ మాట కోసం ఎంతసేపైనా కూర్చోవచ్చు.

బాగా ఆడేవాళ్లది ఇంకో తీరు. మేనల్లుడికి పన్నెండేళ్లు, మంచి ఫాస్ట్ బౌలర్. క్రికెట్‌లో మోచేయి వంచి విసిరితే నో బాల్ అంటారు, బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చింగ్‌లో మాత్రం మోచేయి వంచి విసరాల్సిందే. అది తెలిశాక వాడిని ఆపడం నావల్ల కాలేదు. 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లను పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు తీసుకుందని, వాళ్లిద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరేవాళ్లని చెప్పేసరికి ఇంకా రెచ్చిపోయాడు. కానీ ఆ వయసులో మోచేతి దగ్గర ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది. అదేపనిగా విసిరితే అక్కడే దెబ్బతింటుంది. అందుకే పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్లవాళ్లకు పిచ్చింగ్‌లో రోజుకు 85 బంతులే పరిమితి, 9, 10 ఏళ్లవాళ్లకు 75. 66 గానీ అంతకు మించి గానీ విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాల్సిందే. లెక్క రాసే పని వాడి చెల్లెలికి అప్పజెప్పాను. ఆ పిల్ల ఒక్క బంతి కూడా వదల్లేదు.

పిల్లలను మూడు జట్లు చేసేవాణ్ని. ఒక జట్టు విసరడం, ఒకటి నేలబంతి ఆపడం, ఒకటి టీ దగ్గర కొట్టడం. కాసేపయ్యాక చోటు మారాలి. లైన్లో నిలబడి ఎదురుచూసే పని లేకపోతే అల్లరి సగం తగ్గుతుంది. చోటు ఒకటే అయినా అందరికీ పని ఒకటే కాదు. కొత్తవాళ్లు టీ మీద బంతిని కొడితే, ఆట వచ్చినవాళ్లు నేను విసిరేదాన్ని కొట్టాలి. అదీ నేలకు తగలకుండా వచ్చే బంతి. టప్పా పడేదాకా ఆగడం అలవాటైన పిల్లలకు అది చాలా కష్టం. వికెట్ల వెనక్కి సుతారంగా తిప్పి ఫోర్ కొట్టేవాడికి ఇక్కడ అది ఫౌల్, పరుగు రాదు.

మ్యాచ్ పెట్టుకున్న రోజు అసలు గొడవ వచ్చింది. లిటిల్ లీగ్‌లో ఒక నియమం ఉంది: టీమ్‌లోని ప్రతి పిల్లవాడూ కనీసం ఆరు అవుట్ల సేపు ఫీల్డింగ్ చేయాలి, ఒక్కసారైనా బ్యాటింగ్ చేయాలి. అదే చెప్పాను. మేనల్లుడు మొహం ముడుచుకున్నాడు. "గట్ల జేస్తే ఓడిపోతం మామా!" గల్లీ క్రికెట్‌లో బ్యాట్ ఎవరిదైతే వాళ్లదే మొదటి బ్యాటింగ్. ఆట రానివాడు మోరీలో పడ్డ బంతి తెచ్చేవాడు. నా చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అమెరికాలోనూ మనసు పెట్టని కోచ్ చేతిలో అదే జరుగుతుంది. రానివాణ్ని బంతి తక్కువగా వచ్చే రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టి మరిచిపోతారు. నేను చూసినంతలో కొత్తవాళ్ల టీములు ఓడిపోయేది గొప్ప బ్యాటర్ లేక కాదు, తేలిక బంతులు వదిలేసి. వదిలేది ఎవరూ నేర్పనివాళ్లే. అందుకే నా సమయంలో ఎక్కువ భాగం వాళ్లకే పోతుంది. ఇందులో నేను రాజీపడను.

అక్క వాకిట్లో నుంచే అడిగింది, "నువ్వు నేర్పి పోతవు, మల్ల ఎవరితోని ఆడతర్రా?" న్యాయమైన ప్రశ్నే. విసరడం, పట్టడం క్రికెట్‌కూ పనికొస్తాయని చెప్పాను. అందరికీ బ్యాటింగ్ దక్కాలన్న నియమం మాత్రం క్రికెట్‌లోనూ ఉంచమని పిల్లల దగ్గర మాట తీసుకున్నాను. జూన్ 12న బడులు తెరిచారు. ఇప్పుడు డిగ్రీ చదివే పెద్ద మేనల్లుడు ఆదివారం పొద్దున ఆడిస్తున్నాడు.

వాళ్లలో ఇద్దరిది ఎడమచేతి వాటం. కుడిచేతికి తొడిగే గ్లవ్స్ కావాలి, నల్లగొండలో దొరకవు. ఇక్కడ హ్యూస్టన్‌లో మా టీమ్ తల్లిదండ్రులను అడిగితే, పిల్లలకు చిన్నవైపోయి గ్యారేజీల్లో పడున్నవి తెచ్చిచ్చారు. దసరాకు మిర్యాలగూడ వెళ్తున్న స్నేహితుడి చేత పంపిస్తున్నాను.