గవిపురంలో సంక్రాంతి సాయంత్రం

మా బాబుకు మాటలొస్తే సంక్రాంతి నాడు బెంగళూరు గవిపురంలో గుహలో వెలసిన శివుడు, గవి గంగాధరేశ్వరుడి దగ్గరికి తీసుకొస్తానని మొక్కుకున్నాను. ఆ మొక్కు ఈ ఏడు తీరింది. ఇంటికొచ్చి, వాడిని పడుకోబెట్టి, వెంటనే ఇది రాయడానికి కూర్చున్నాను. కాళ్ళు పీకుతున్నాయి గానీ మనసు నిండుగా ఉంది.

మూడేళ్ళు నిండినా వాడు ఒక్క మాటా అనలేదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాడు. చెవుల పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఏదో ఒక కారణం చెప్పేవారు. బెంగళూరులో ఇంట్లో తెలుగు, బయట కన్నడం, బడిలో ఇంగ్లీషు, పిల్లాడు తికమకపడిపోతున్నాడని ఎక్కువమంది తేల్చేశారు. స్పీచ్ థెరపీ మేడమ్ మొదటి రోజే ఆ మాట కొట్టిపారేసింది. రెండు మూడు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆగిపోవని, ఇంట్లో హాయిగా తెలుగే మాట్లాడమని చెప్పింది. ఆవిడ చెప్పిన ఇంకో పనే నాకు కష్టమైంది. అడక్కముందే ఏదీ అందించకూడదు. వాడికి ఎదురుగా కింద కూర్చుని, కళ్ళలోకి చూసి, "పాలా, నీళ్ళా?" అని అడిగి, మనసులో పది లెక్కపెడుతూ ఊరుకోవాలి.

పది లెక్కపెట్టడం అంత కష్టమని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆరో ఏడో అంకె వచ్చేసరికి వాడి కింది పెదవి కదిలేది. నా గొంతులోంచి "పాలు కావాలా నాన్నా" అని తన్నుకొచ్చేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకునేదాన్ని. పది అయ్యేది, మాట వచ్చేది కాదు. మధ్యాహ్నం మళ్ళీ అదే, రాత్రి మళ్ళీ అదే. ఏడ్చిన రోజులున్నాయి.

నేను ఏడిస్తే మా నాన్నగారు ఫోన్లో ఒకటే అనేవారు. "భీష్ముడంతటివాడు ఒళ్ళంతా బాణాలతో ఉత్తరాయణం కోసం ఆగాడమ్మా. రావలసింది రాక మానదు." మొక్కుకునేటప్పుడు సంక్రాంతే నా నోటికి రావడానికి ఆ మాటే కారణం. ఆ సాయంత్రం సూర్యుడు నంది కొమ్ముల మధ్యనుంచి లోపలికొచ్చి గవిలో ఉన్న స్వామిని తాకుతాడు. ఆ కాసేపటి కోసం జనం ఏడాదంతా ఎదురుచూస్తారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని కావాలనుకున్నాను.

కార్తీకంలో ఒక పొద్దున గ్లాసు అడుగున కాసిని పాలు పోసి ఇచ్చాను. తాగి, గ్లాసు నా వైపు తోసి, "ఇంకా" అన్నాడు. స్పష్టంగా, పెద్దవాళ్ళు అన్నట్టు. చేతులు వణికి సగం పాలు గట్టు మీదే పోశాను. "అమ్మ" అన్నది ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు "నీళ్ళు ఇయ్యి" దాకా వచ్చాం.

సంక్రాంతి రోజు భోజనాలు కాగానే బయల్దేరాం. నేషనల్ కాలేజీ స్టేషన్‌లో మెట్రో దిగి, ఆటోలో కొంత దూరం, నడిచి కొంత దూరం. గుడి దగ్గర ఆ జనాన్ని చూసి గుండె జారిపోయింది. కిరణాలు పడే వేళకు లోపలికి ఎవరినీ పంపరు, బయట పెట్టిన టీవీ తెర మీదే చూడాలి. ఆ తెర కనబడనిస్తేగా! ముందున్నవాళ్ళందరూ ఫోన్లు పైకెత్తేశారు. పాస్‌లున్నాయని కొందరిని పక్కనుంచి ముందుకు వదిలారు. పొద్దుటి నుంచి నిలబడ్డ ముసలివాళ్ళు వెనకే ఉండిపోయారు. స్వామి ముంగిట కూడా ఇదేనా అని నిజంగా బాధనిపించింది. తోపులాటకు బాబు చెవులు మూసుకుని ఏడుపు అందుకున్నాడు. మా ఆయన వాడిని ఎత్తుకుని, సూర్యచంద్రుల చక్రాలు చెక్కిన ఆ రాతి స్తంభాల వైపు కాస్త ఖాళీ ఉంటే అటు తీసుకొచ్చారు.

అక్కడ ఒక పెద్దావిడ గోడకు చేరబడి కూర్చుని ఉంది. తను పక్కకు జరిగి, "ఇక్కడ కూచోమ్మా, బిడ్డకి గాలాడుతుంది" అంది. కన్నడావిడే, తెలుగు చక్కగా మాట్లాడుతుంది. సంచిలోంచి ఎళ్ళుబెల్లం పొట్లం తీసి, నువ్వులూ బెల్లమూ కొబ్బరిముక్కలూ బాబు అరచేతిలో పోసింది. ఈ ఊళ్ళో పండక్కి అందరూ అనే మాటే అంది. "ఎళ్ళుబెల్ల తిందు ఒళ్ళె మాతాడప్పా." నువ్వుల బెల్లం తిని మంచి మాటలాడమని. పండగపూట ఎవరికైనా చెప్పే మాటే అది. నా బిడ్డ సంగతి ఆవిడకేం తెలుసు? నాకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏమైందని అడిగితే అంతా చెప్పుకున్నాను.

అప్పుడే మబ్బు పట్టింది. అయిదు దాటుతోంది. జనంలో ఒకటే గొణుగుడు. "ఇంత దూరం వచ్చి..." అన్నాను నేను కూడా.

"2021లో కిరణాలు అసలు పడలేదమ్మా" అందావిడ. "కోవిడ్ రోజులు. టీవీ ముందు కూచున్నాం. మబ్బు వీడనే లేదు. అయ్యగారు అభిషేకం మాత్రం ఆపలేదు."

"మరి మీకు బాధనిపించలేదా?"

"అనిపించింది. తర్వాత మళ్ళీ వచ్చాం. సూర్యుడు ఎక్కడికి పోతాడు, మబ్బు వెనకే ఉన్నాడు గదా."

నేను మాట్లాడలేదు. తెలీకుండానే మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఒకటి, రెండు, మూడు.

ఈసారి మబ్బు వీడింది. తెర మీద ముందు నంది వెనకభాగాన పచ్చగా వెలుగు పడింది. అది జరుగుతూ జరుగుతూ కొమ్ముల మధ్యకొచ్చి, గర్భగుడి చీకట్లోకి దూరింది. స్వామి మీద పోస్తున్న పాలు ఒక్కసారిగా బంగారు రంగుకు తిరిగాయి. "హర హర మహాదేవ" అని ఆ వీధంతా ఒక్కటే కేక. నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టానో లేదో కూడా గుర్తులేదు. కొన్ని నిమిషాలే. వెలుగు పక్కకు తప్పుకుంది.

తర్వాత దర్శనం క్యూ, దాని గురించి చెప్పకపోవడమే మేలు. రాత్రి ఎప్పటికో మా వంతు వచ్చింది. రాతి కప్పు కింద తలవంచుకుని లోపలికెళ్ళాం. ఎదురుగా స్వామి, చుట్టూ మారేడు దళాలు, దీపం వెలుగు. అర్చకులు బాబు చేతిలో తీర్థం పోసి పేరేమిటని అడిగారు. వాడికింకా పేరు చెప్పడం రాదు. నేను చెప్పబోయి ఆగాను. వెనకనుంచి "ముందె హోగి, ముందె హోగి" అని తోస్తున్నారు. ఆయన చెయ్యెత్తి వాళ్ళను ఆపి, వంగి వాడి ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు. బాబు పెదవి కదిలింది. మాట రాలేదు. నాకు చిత్రంగా టెన్షన్ కూడా రాలేదు. "మెల్లిగా చెప్తాడు లేమ్మా" అని ఆయన వాడి చేతిలో ఒక మారేడు దళం పెట్టారు.

బయటికొచ్చాక ఆ పెద్దావిడ కోసం వెతికాను, కనబడలేదు. పేరైనా అడగలేదు.

థెరపీ మానేది లేదు, వచ్చే వారం నుంచి పేరు చెప్పించడం మొదలుపెడదామని మేడమ్ అంది. శివరాత్రికి మళ్ళీ గవిపురం వెళ్ళాలి. ఆ రోజు రద్దీ ఎలాగూ తప్పదు కాబట్టి తెల్లవారకముందే బయల్దేరదామని మా ఆయన అంటున్నారు.